కదలని తుపాకి

రాత్రి తొమ్మిదిన్నర. పటాన్‌చెరు దగ్గర ఓ కాలనీలో రెండు గదుల ఇల్లు. వరండా గోడ మీద పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్క. దానికి ఎదురుగా, వంటింటి గుమ్మంలో, పదిహేడేళ్ల అమ్మాయి ఎయిర్ రైఫిల్ ఎత్తి పట్టుకుని నిల్చుంది. అందులో గుండు లేదు. అయినా ఆ సమయంలో ఇంట్లో ఎవరూ వరండా దాటరు. మంచినీళ్లు కావాలన్నా ఆగాల్సిందే. అది తాతగారు పెట్టిన నియమం. గుండు లేదని నమ్మిన తుపాకే మనుషుల్ని చంపిందని ఆయన అంటుంటారు.

'టప్' అని ట్రిగ్గర్ చప్పుడు. అమ్మాయి తుపాకి దించింది. మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దాయన తల అడ్డంగా ఊపారు.

"కండ పట్టి నిలబడ్తున్నవ్ బిడ్డా. వదిలెయ్. బరువు బొక్క మీద పెట్టు."

తెలంగాణలో బొక్క అంటే ఎముక. గచ్చిబౌలి వైపు రేంజ్‌లో నేర్పే కోచ్ కూడా ఆ మాటే ఇంగ్లిషులో చెబుతారట. ఐదు కిలోల పైచిలుకు రైఫిల్‌ని చేతి బలంతో పట్టుకుంటే పది షాట్లకే భుజం వణుకుతుంది. పోటీలో కొట్టాల్సినవి అరవై. అందుకే ఎడమ మోచేతిని తుంటి ఎముకకు ఆనించి, నడుము కొద్దిగా వెనక్కి వంచి, తుపాకి బరువు మోచేతి నుంచి తుంటికి, తుంటి నుంచి పాదానికి, పాదం నుంచి నేలకు దిగేలా నిలబడాలి. కండ అలసిపోతుంది, ఎముక అలసిపోదు.

"మీ తాతగారు ఏ క్లబ్బులో నేర్చుకున్నారు?" అని కోచ్ ఓసారి అడిగారు. క్లబ్బూ లేదు, పతకమూ లేదు. ఆయన ముప్ఫై ఏడేళ్లు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో టర్నర్‌గా పనిచేశారు. అంతకుముందు, సంగారెడ్డి దాటాక మంజీరా ఒడ్డున ఉన్న ఊళ్లో, షికారుకు వచ్చే దొరలకు మంచెలు కట్టే మనిషి కొడుకు.

ఈ ప్రాంతాన్ని ఇప్పుడు చూసేవాళ్లకు షికారంటే నమ్మకం కలగదు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, వాటి మధ్య మందుల కంపెనీల గొట్టాలు, షిఫ్టు బస్సులు... కానీ ఇక్రిశాట్ వచ్చింది 1972లో. అంతకు కొన్నేళ్ల ముందు ఈ మైదానాల్లో జొన్న చేలూ తుమ్మ చెట్లూ ఉండేవి, వాటి మధ్య జింకలు తిరిగేవి. కాస్త పైకి, మెదక్ వైపు వెళితే పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. ఇప్పుడది అభయారణ్యం. సంగారెడ్డి పక్కనే మంజీరా జలాశయం 1978 నుంచి మొసళ్లకూ పక్షులకూ అభయారణ్యమే.

నిజాం కాలం వేటకు గుర్తుగా ఒక ఫొటో తరచూ కనిపిస్తుంది. 1902లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాద్ రాజ్యానికి వచ్చినప్పుడు రాజా దీన్ దయాళ్ తీసింది. చచ్చిన పులి, పక్కన కర్జన్ దంపతులు. పులిని కాపలా కాసి జాడ చెప్పిందెవరో, మంచె కట్టిందెవరో, కొమ్మను ఎక్కడ నరికితే తుపాకి ఆనడానికి సరిపోతుందో చూసిందెవరో ఆ ఫొటో చెప్పదు. పెద్దాయన నాయిన చేసిన పని సరిగ్గా అదే. వైస్రాయ్‌లకు కాదు, చిన్నచిన్న దొరలకూ పట్నం నుంచి వచ్చే వాళ్ల చుట్టాలకూ.

ఆ నాయినకు చదువు రాదు. కానీ తుపాకి ఎప్పుడు కదులుతుందో, ఎందుకు కదులుతుందో తెలుసు. మంచె మీద కూర్చున్న దొరకు ముందు ఓ పంగల కర్ర అమర్చేవాడు. దాని మీద తన తలకు చుట్టుకున్న రుమాలు తీసి మడతపెట్టి వేసేవాడు. కర్ర మీద తుపాకి నేరుగా పెడితే పేలినప్పుడు ఎగిరిపడుతుంది, గుండు పైకి పోతుంది. గొట్టాన్ని అసలే ఆనించనిచ్చేవాడు కాదు. గొట్టం కింద ఉండే కట్టె భాగమే రుమాలు మీద ఆనాలి. పేలుడుకు గొట్టం తీగలా అదురుతుంది. దాన్ని గట్టి వస్తువు తాకితే ఆ అదురు మారి, గుండు వేరే దారి పడుతుంది. ఇవాళ వేల డాలర్ల రైఫిళ్లతో మూడు వందలు, నాలుగు వందల మీటర్ల దూరాన పెద్ద జంతువుల్ని వేటాడే దేశాల్లోనూ చెప్పే పాఠం ఇదే. రుమాలు బదులు ఇసుక సంచి, పంగల కర్ర బదులు మడత కాళ్ల స్టాండు. ఆఫ్రికాలో అయితే మూడు కర్రల్ని పైన కట్టి నిలబెడతారు.

చెట్టూ కర్రా లేని చోట ఒంటినే స్టాండుగా మార్చుకోవాలి. అన్నిటికంటే గట్టిది బోర్లా పడుకోవడం. రెండు మోచేతులూ పొట్టా తొడలూ నేలను అంటి ఉంటాయి, కదలడానికి మిగిలేది ఊపిరి ఒక్కటే. గడ్డి ఎత్తుగా ఉండి పడుకుంటే ఏమీ కనబడకపోతే కూర్చుని, రెండు మోచేతుల్నీ రెండు మోకాళ్ల లోపలి వైపుకు ఆనించాలి. దానికీ వీలులేకపోతే ఒక మోకాలి మీద కూర్చోవాలి. ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. మోచేతి గుబ్బను మోకాలి చిప్ప మీద పెడతారు. రెండూ గుండ్రటివే. గోలీ మీద గోలీ నిలుస్తుందా? మోచేతికి కాస్త పైనున్న చదును భాగం మోకాలికి ముందుగా ఆనితే జారదు. అన్నిటికంటే చివరిది నిలబడటం. వేటలో అది గత్యంతరం లేనప్పుడే.

ఇవన్నీ పెద్దాయనకు పద్దెనిమిదేళ్లకే తెలుసు. తెలిసీ ఒకసారి నిలబడి కొట్టారు. ఆ సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చాలాకాలం చెప్పలేదు. మనవరాలు రైఫిల్ పట్టుకున్న మొదటి సంవత్సరం చెప్పారు.

అది 1971. షికారు మీద ఇప్పటిలా నిషేధం లేదు. నాయిన జ్వరంతో పడుకుంటే, దొర వెంట తుపాకి మోసుకుంటూ ఈయన వెళ్లారు. సాయంత్రం చెరువు కట్ట అవతల మనుబోతు కనిపించింది. దొరకు మోకాళ్ల నొప్పులు, కట్ట ఎక్కలేడు. "నువ్వే కొట్టురా" అన్నాడు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్న వయసు. కట్ట మీదికి ఒక్క పరుగున ఎక్కి, రొప్పుతూ, నిలబడే కాల్చారు. రెండు వందల గజాలు ఉంటుంది. జంతువు ముందుకు తూలింది, లేచింది, వెనక కాలు ఈడ్చుకుంటూ తుమ్మల్లోకి పోయింది. చీకటిపడే దాకా నెత్తురు మరకల వెంట నడిచారు. దొరకలేదు. మూడో రోజు వాగు దగ్గర గద్దలు తిరుగుతుంటే వెళ్లి చూశారు.

నాయిన తిట్టలేదు, కొట్టలేదు. మంచంలో పడుకునే ఒక్క మాట అడిగాడు.

"కట్ట మీద తుమ్మచెట్టు ఉండె గదరా. దానికెందుకు ఆనలే?"

యాభై ఏళ్లు దాటినా ఆ ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదంటారు పెద్దాయన. మరుసటి ఏడాది, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దొరలు షికారు మానేశారు. నాయిన పంగల కర్రలు పొయ్యిలోకి పోయాయి. ఈయన ఐటీఐ చదివి పటాన్‌చెరు బస్సెక్కారు.

చెట్టుకు ఎందుకు ఆనాలో ఆయనకు అక్షరాలా అర్థమైంది ఫ్యాక్టరీలోనేనట. లేత్ మీద పొడుగాటి ఇనుప కడ్డీని ఒక్క చక్‌తో పట్టి తిప్పితే రెండో చివర ఊగుతుంది. టూల్ తాకగానే వణికి, పని మీద అలలు అలలుగా గీతలు పడతాయి. అప్పుడు రెండో చివర టెయిల్ స్టాక్ బిగిస్తారు. కడ్డీ ఇంకా పొడుగైతే నడుమ స్టడీ రెస్ట్ పెడతారు. టూల్‌ని కూడా హోల్డర్ నుంచి అవసరమైనంతే బయటికి ఉంచుతారు. ఆధారం లేకుండా ఎంత పొడవు బయటికి ఉంటే అంత వణుకు. "మనిషి చెయ్యి గూడ గంతే. ఆధారం లేకుంటే అది ఉత్త కడ్డీ" అని మనవరాలికి చెబుతారు. ఆ లెక్కలు చేసింది కూడా మైక్రోమీటర్ పట్టిన చెయ్యే. మీటరు పొడవున్న తుపాకి కొస ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, పది మీటర్ల దూరంలో ఒక సెంటీమీటరు తేడా. వంద మీటర్లలో పది సెంటీమీటర్లు. మూడు వందల మీటర్లలో ముప్ఫై. పెద్ద జంతువులో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అన్నం తినే పళ్లెమంత. దాన్ని దాటితే పొట్ట, తొడ, కాలు... అంటే చావు కాదు, మూడు రోజుల చావు.

రేంజ్‌లో ఆ భయం లేదు. అక్కడ కాగితం, లేదంటే ఎలక్ట్రానిక్ టార్గెట్. కానీ లెక్క ఇంకా కఠినం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో నడుమ ఉండే పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆ చుక్క దగ్గరే వెంట్రుక వాసిలో ఫైనల్ పోగొట్టుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో 701.1 స్కోరుతో కాంస్యం తెచ్చాడు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు పెద్దాయన ఇంట్లో టీవీ ముందు నుంచి లేవలేదు. మోకాలి మీద, బోర్లా పడుకుని, చివరికి నిలబడి... వరుసగా మూడు భంగిమలు. వేటగాడూ సిపాయీ నేర్చుకున్నవే ఆటలోకి వచ్చాయి. గెలిచిన కుర్రాడు రైల్వేలో టికెట్ కలెక్టర్ అని తెలిసి, మనవరాలి వైపు చూసి కళ్లెగరేశారట. షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ల ఇళ్లలో కూడా ఈ ఆట బతుకుతుందన్న ధైర్యం అది. ఇంట్లో ఉన్న సెకండ్ హ్యాండ్ రైఫిల్‌కు పోయింది ఆయన పీఎఫ్ డబ్బే మరి.

నేర్చుకునే పద్ధతి బయటివాళ్లకు వింతగా ఉంటుంది. అమ్మాయి తుపాకి చుక్క మీద పెట్టి కళ్లు మూసుకుంటుంది. రెండుసార్లు ఊపిరి తీసి వదులుతుంది. కళ్లు తెరుస్తుంది. గురి చుక్క మీదే ఉంటే సరే. పక్కకు పోయి ఉంటే చేత్తో లాగి సరిచేయకూడదు. పాదాలు జరపాలి. ఒళ్లు తనంతట తానుగా ఎటు చూస్తోందో అటే గుండు పోతుంది, బలవంతంగా తిప్పిన చెయ్యి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో తన చోటికి తాను వెళ్లిపోతుంది. ఊపిరి సగం వదిలాక వచ్చే నాలుగైదు సెకన్ల విరామంలోనే నొక్కాలి. ఎనిమిది, పది సెకన్లు దాటితే కళ్లు మసకబారడం మొదలవుతుంది. అప్పుడు దించేయాలి. మొదట్లో ఆమెకు దించడమే రాలేదు. అంతసేపు మోసి, కొట్టకుండా దించడం ఓడిపోయినట్టు ఉండేది. పోటీలో డెబ్భై అయిదు నిమిషాల గడియారం తిరుగుతుంటే మరీ కష్టం. "నాలుగుసార్లు దించి ఒకసారి కొట్టు" అని తాత పందెం పెట్టేవారు. గెలిస్తే మిర్చి బజ్జీలు.

ఈ చదువు ఊరికి పనికొస్తుందని ఊరివాళ్లు అనుకోవడంలో తప్పు లేదు. పెద్దాయన తమ్ముడికి ఊరి చివర రెండెకరాల మొక్కజొన్న ఉంది. కంకి పాలు పట్టే వేళకు అడవిపందులు దిగుతాయి. తినేది పావు, తొక్కేది ముప్పావు. డప్పు కొట్టారు, పాత చీరలు కట్టారు, టపాసులు పేల్చారు. రెండు రాత్రులు భయపడ్డాయి, మూడో రాత్రి అలవాటు పడ్డాయి. కొన్ని ఊళ్లలో రైతులు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. ఆ తీగలు పందితో పాటు మనిషినీ పట్టుకుంటాయి. పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు శవమై దొరికిన వార్తలు తెలంగాణ పేపర్లలో ఏటా వస్తూనే ఉన్నాయి.

"గంత ఖర్చు పెట్టి నేర్పిస్తున్నవ్ కదనే అన్నా, మన పిల్లనే తీస్కరారాదు" అన్నాడు తమ్ముడు ఓ రోజు.

ఎయిర్ రైఫిల్‌తో పంది చావదు. చచ్చినా అలా కొట్టడానికి చట్టం ఒప్పుకోదు. పంటకు నష్టం చేస్తున్న జంతువును కొట్టాలంటే వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అధికారి కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. తమ్ముడు నెలరోజులు తిరిగి ఆ కాగితం తెచ్చుకున్నాడు. లైసెన్సున్న షూటర్ వచ్చాడు. మంచె ఎక్కడ కట్టాలో చూడమని అన్నను పిలిచాడు. శనివారం కావడంతో మనవరాలూ వెంట వెళ్లింది.

నాయిన చేసిన పని మళ్లీ చేతికి వచ్చింది. పెద్దాయన చేనంతా తిరిగి, పందుల దారి చూసి, వేపచెట్టు మీద మంచె కట్టించారు. ఎత్తు నుంచి కిందికి కొడితే తప్పిన గుండు మట్టిలో దిగబడుతుంది. మంచెకు అడ్డంగా వెదురు కట్టి, దాని మీద గోనెసంచి మడతపెట్టారు. షూటర్ నలభై ఏళ్లవాడు, మాటలు తక్కువ. గోనెసంచిని చూసి నవ్వి, "నా సంచి ఇంట్లోనే పెట్టొస్తుంటి పెద్దాయనా" అన్నాడు.

రాత్రి రెండు గంటలకు పందులు వచ్చాయి. రావాల్సిన దారిలో కాదు. అవతలి గట్టు మీదుగా, రోడ్డు వైపు నుంచి. తల్లీ, నాలుగైదు పిల్లలూ, వెనక ఓ పెద్ద మగపంది. లైటు వెలుగులో నల్లగా, నిశ్చలంగా నిలబడ్డాయి. ఎనభై మీటర్లు. తుపాకి సంచి మీద రాయిలా ఉంది. షూటర్ చెంప కట్టె మీద ఆనింది, ఊపిరి ఆగింది. కింద పంపుసెట్టు గదిలో కూర్చున్న ముగ్గురికీ ఆ నిశ్శబ్దం తెలుస్తూనే ఉంది. తమ్ముడు చెవులు మూసుకున్నాడు.

చప్పుడు రాలేదు.

మగపంది నిలబడ్డ గట్టు చేనుకన్నా ఎత్తు. దాని వీపు మీదుగా, ఆకాశం ఉండాల్సిన చోట, ఓ వరుస ట్యూబులైట్లు. అరకిలోమీటరు అవతల కొత్తగా కడుతున్న షెడ్డు, పక్కన రేకుల గదుల్లో ఒడిశా కూలీలు. చిన్న పాయింట్ 22 తూటాల డబ్బా మీదే మైలున్నర దాకా ప్రమాదమని రాసి ఉంటుంది. అడవిపందికి వాడే రైఫిల్ అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. పంది ఒంట్లోంచి దూసుకుపోయినా ఆగదు. షూటర్ వేలు తీసేశాడు. పందులు అరగంట తిన్నాయి. మధ్యలో ఒక్కసారి కూడా గట్టు దిగి పల్లంలోకి రాలేదు.

తెల్లారాక తమ్ముడి కోపం కట్టలు తెంచుకుంది. విరిగిన మొక్కజొన్న కర్రలు ఎత్తి చూపించాడు. కాగితం కోసం తిరిగిన బస్సు చార్జీలు లెక్క చెప్పాడు. "ఎదురుంగనే ఉన్నై గదా సారూ! కట్టేసిన బర్రె తీర్గ నిలబడ్డై!"

"వెనక మట్టి లేదన్నా" అన్నాడు షూటర్. అంతకుమించి ఏమీ చెప్పలేదు. తూటా తీసి జేబులో వేసుకుని, తుపాకి సంచిలో పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన చేసింది సరైన పనే. కానీ ఆ ఏడు తమ్ముడి చేను సగమే ఇంటికొచ్చిందన్నదీ అంతే నిజం. ఈ రెండో సంగతిని పట్నంలో వన్యప్రాణుల గురించి మాట్లాడేవాళ్లు తొందరగా మరిచిపోతారు.

తిరుగు ప్రయాణంలో బస్సు సంగారెడ్డి చౌరస్తా దాటేదాకా తాతా మనవరాలూ మాట్లాడుకోలేదు. కంది దగ్గర అమ్మాయి అడిగింది.

"తాతా, ఆ సారు ఎంతసేపు పట్టిండు?"

"ఎన్మిది సెకన్లు ఉంటది."

"నేనైతే కొడ్తుంటినేమో."

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూశారు. "నేనైతే కొట్టిన" అన్నారు.

వారం తర్వాత రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. తమ్ముడు. పందులు మళ్లీ వచ్చాయట. పెద్దాయన వరండా మూల నుంచే, గొంతు తగ్గించి మాట్లాడారు.

"మంచె ఆడికెల్లి తీసెయ్. తూర్పు దిక్కు చింతచెట్టు మీద కడ్దాం. గట్ల చూస్తే వెనక చెరువు కట్ట వస్తది. గుండు తప్పినా కట్టల దిగుతది."

"మల్ల కాగితం ఎవరిస్తరు? మల్ల నెల తిరగాల్నా?" అవతలి గొంతు వరండా దాకా వినిపించింది. "నా చేను తిన్నంక మంచె ఏడ కడితే ఏంది?"

ఫోను కట్టయింది. పెద్దాయన దాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. వంటింటి గుమ్మంలో అమ్మాయి తుపాకి ఎత్తింది, కళ్లు మూసింది, తెరిచింది. పాదం కొంచెం జరిపింది. మళ్లీ ఎత్తింది. ఎనిమిది సెకన్లు. దించేసింది.